దవడ నొప్పి, ఇరవై సిట్టింగులు, గోడ మీది ఆ ఫ్రేము

ప్రశ్న: మేడం గారికి నమస్తే. నేను రాజమండ్రి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని, వయసు 36. ఎనిమిది నెలలుగా కుడి దవడ నొప్పి. నోరు తెరిస్తే టక్కుమంటుంది, ఆవలిస్తే చెవి ముందు పట్టేస్తుంది. నాలుగో పీరియడ్ అయ్యేసరికి మాట్లాడలేకపోతున్నాను. జంతికలు, చెరుకు ఎప్పుడో మానేశాను. డెంటిస్టు గారు చూసి పళ్లలో ఏమీ లేదు, ఇది దవడ కీలు సమస్య, ఫిజియోథెరపీ చేయించుకోండి అన్నారు. వెళ్తే అక్కడ 20 సిట్టింగుల ప్యాకేజీ, 24,000 రూపాయలు ముందే కట్టాలన్నారు. చేత్తో చేసేది, లేజరు, కరెంటు అన్నీ కలిపి. నిజంగా తగ్గుతుందా అని అడిగితే గోడకి ఫ్రేము కట్టించి పెట్టిన రీసెర్చ్ పేపరు చూపించి "సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది మేడం" అన్నారు. దాని ఫొటో పంపుతున్నాను. మా ఆయనేమో జర్నల్లో వచ్చాక ఇంకా అనుమానమేంటి అంటారు. మా ఆడపడుచు ఇదంతా డబ్బులు గుంజే వ్యవహారం అంటుంది. ఎవరి మాట వినమంటారు?
– ఒక టీచరు, తూర్పు గోదావరి

టీచరు గారూ,

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ 24,000 ముందే కట్టకండి. అలాగని ఫిజియోథెరపీ ఆలోచన మానుకోకండి కూడా. ఏ సిట్టింగుకి ఆ సిట్టింగు డబ్బు కడతానని అడగండి, కుదరదంటే ఇంకో చోటు చూసుకోండి, మీ వైపు ఫిజియోలకి కరువేమీ లేదు.

ఇక ఆ ఫొటో. ఫోన్లో పెద్దది చేసుకుని రెండు మూడు సార్లు చూశాను. అద్దం మీద ట్యూబ్‌లైటు వెలుగు పడి రిజల్ట్స్ పేరాలో చివరి రెండు లైన్లు తెల్లగా పోయాయి. కనపడేదల్లా పైన కాస్త, కింద కంక్లూజన్. ఆ కంక్లూజన్ కింద ఎవరో ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత కూడా గీశారు. దాని భావం ఇది: రెండు గ్రూపుల్లోనూ నొప్పి గణనీయంగా తగ్గింది, కాబట్టి దవడ కీలు సమస్యలకి మాన్యువల్ థెరపీ, అంటే చేత్తో చేసే వైద్యం, సమర్థమైన చికిత్స. ఆ పేపరు పేరూ, రాసినవాళ్ల పేర్లూ ఇక్కడ పెట్టను. వాళ్లని బజారుకీడ్చడం నా పని కాదు, పైగా ఇది ఆ ఒక్క పేపరుకి పట్టిన జబ్బు కాదు. ఇలాంటి వాక్యం నేను కొన్ని వందల సార్లు చదివాను. ఒకసారి నేనే రాశాను.

ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, చదివే రోజుల్లో నా థీసిస్ మెడనొప్పి మీద. ముప్పై మంది పేషెంట్లు, పదిహేనేసి మందితో రెండు గ్రూపులు. ఎందుకు ముప్పై అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు, సీనియర్లందరూ ముప్పై మందితోనే చేశారు, అంతే. ఆరు నెలలు కిందా మీదా పడి చేశాక లెక్కలు కట్టిస్తే రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలలేదు. ఏడుపొక్కటే తక్కువ. మా గైడు గారు, మంచి మనిషే, కాగితాలు తిరగేసి "దానికెందుకమ్మా టెన్షన్, ఏ గ్రూపుకా గ్రూపు చూస్తే ముందుకీ తర్వాతకీ సిగ్నిఫికెంటే కదా, కంక్లూజన్లో అది రాయి, మధ్య తేడా సంగతి డిస్కషన్లో ఎక్కడో ఒక ముక్క పెట్టు" అన్నారు. పెట్టాను. ఎగ్జామినర్ ఆ ముక్క జోలికే రాలేదు. నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదండీ, ప్రతి అంకే నిజమే. అయినా ఆ థీసిస్ చివరి పేజీ చదివినవాడు, నేను కనుక్కున్నదానికి పూర్తిగా వేరే సంగతి నమ్మి లేచి వెళ్తాడు. ఈ పనికి పరిశోధన రంగంలో పెట్టిన పేరు 'స్పిన్'. మసిపూసి మారేడుకాయ చేయడం అని మనవాళ్లు అంతకంటే బాగా చెప్పారు.

మీకు బడి లెక్కలో చెబితే వెంటనే పడుతుంది. ఎనిమిదో తరగతి ఏ సెక్షన్, బీ సెక్షన్ అనుకోండి. క్వార్టర్లీలో రెండింటి సగటూ ఇంచుమించు ఒకటే. తర్వాత బీ సెక్షన్ పిల్లలు మాత్రం సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర ట్యూషన్‌కి వెళ్లారు. హాఫ్ ఇయర్లీలో బీ సెక్షన్ సగటు 20 మార్కులు పెరిగింది. మాస్టారు కరపత్రం వేయించారు, మా దగ్గర చేరినవాళ్లకి ఇరవై మార్కులు గ్యారంటీ అని. మీ స్టాఫ్ రూములో ఆ కరపత్రం పెడితే ఎవరో ఒకరు టీ తాగుతూనే అడుగుతారు, మరి ఏ సెక్షన్‌కి ఎంత పెరిగాయి? పద్దెనిమిది. అంటే ట్యూషన్ పుణ్యం రెండు మార్కులు. మిగతా పద్దెనిమిదీ మీరు క్లాసులో గొంతు చించుకున్నందుకు, పిల్లలు కాస్త ఎదిగినందుకు, పేపరు తేలిగ్గా వచ్చినందుకు. స్టాఫ్ రూములో ఎవరికైనా తట్టే ఈ ప్రశ్న జర్నల్ పేపరు చేతికొచ్చేసరికి మనకి తట్టదు.

ఇప్పుడు దవడకి వద్దాం. ఈ అంకెలు నేను వేసుకున్నవి, మీ ఫొటోలోవి కావు. నొప్పిని కొలవడానికి 100 మిల్లీమీటర్ల గీత ఒకటి ఇస్తారు, ఎడమ చివర నొప్పి అసలు లేదు, కుడి చివర ఇంతకు మించి ఉండదు, పేషెంటు ఎక్కడో ఒక చోట టిక్కు పెడతారు. మొదటి గ్రూపుకి ఇంట్లో చేసుకునే వ్యాయామాలు, జాగ్రత్తలు చెప్పి పంపారు, నొప్పి 62 నుంచి 38కి దిగింది. రెండో గ్రూపుకి అవన్నీ చెప్పి, పైన చేత్తో చేసే థెరపీ కూడా ఇచ్చారు, 64 నుంచి 37కి దిగింది. రెండింట్లోనూ ముందుకీ తర్వాతకీ చూస్తే పీ వేల్యూ (అసలు ప్రభావమే లేకపోతే ఇంత తేడా కాకతాళీయంగా రావడం ఎంత అరుదో చెప్పే అంకె) బ్రహ్మాండంగా వస్తుంది, కంక్లూజన్ రాయడానికి చెయ్యి ఉబలాటపడుతుంది. కానీ ట్రయల్ పెట్టింది ఎందుకు? చేతి వైద్యం అదనంగా ఏం ఇస్తుందో చూడ్డానికి. 27లోంచి 24 తీసేయండి. మూడు మిల్లీమీటర్లు. మీ జామెట్రీ బాక్సులో స్కేలు మీద మూడు చిన్న గీతలు.

ఆ మూడు కూడా గట్టి మూడు కాదు. పదిహేనేసి మందితో చేసినప్పుడు నిజమైన తేడా మేలు వైపు 15 దాకా ఉండొచ్చు, కీడు వైపు 9 దాకా ఉండొచ్చు అన్నంత వెడల్పుగా వస్తుంది లెక్క. దీన్నే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు. నిజాయితీగా రాస్తే కంక్లూజన్ ఒక్క ముక్క: ఈ ట్రయల్ వల్ల మాకు ఏమీ తేలలేదు. ఆ ముక్కని ఎవరు ఫ్రేము కట్టించుకుంటారు చెప్పండి.

మరి చేతి వైద్యం లేని గ్రూపులో కూడా ఎందుకు తగ్గుతుందని మీరు అడగొచ్చు. దవడ నొప్పి ఒకే తీరున ఉండదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మనిషి క్లినిక్‌కి వచ్చేది బాగా ఎక్కినప్పుడు, భరించలేనప్పుడు. ఆ రోజు కొలిచి, ఆరు వారాల తర్వాత మళ్లీ కొలిస్తే చాలామందికి దానంతటదే కొంత దిగి ఉంటుంది. యూనిట్ టెస్టులో మరీ అడుగున పడ్డ పిల్లలు తర్వాతి పరీక్షలో ఎంతో కొంత పైకి వస్తారు చూడండి, మీరు ఏం చేసినా చేయకపోయినా, అదే. దానికి తోడు ఎవరో శ్రద్ధగా చూస్తున్నారు, ఇది క్యాన్సర్ కాదని చెప్పారు, గట్టివి నమలడం మానేశారు. ఇవన్నీ కలిసి పని చేస్తాయి, పేరు మాత్రం లేజరుకి వెళ్తుంది.

ఇందులోనే ఇంకో రకం ఉంది, అది మరీ గడుసు. ఒక గ్రూపులో తగ్గుదల సిగ్నిఫికెంట్‌గా వచ్చింది, రెండో గ్రూపులో రాలేదు, కాబట్టి మొదటి వైద్యమే గొప్పది అంటారు. వినడానికి ఎంత సబబుగా ఉందో! రెండు గ్రూపుల్ని పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చకుండా ఇలా విడివిడిగా చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో బ్రిటన్‌కి చెందిన గణాంక నిపుణులు మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 2011లో లెక్క కట్టి చూపించారు. అసలు ఏ తేడా లేని చోట ఉందని పొరబడే అవకాశం మామూలుగా 5 శాతానికి మించకూడదు, ఈ పద్ధతిలో అది 50 శాతం దాకా పోతుంది. అంటే బొమ్మా బొరుసూ వేసుకోవడమే. ఫిజియోథెరపీ పేపర్లలో ఇది ఇప్పటికీ కనబడుతూనే ఉంది.

'గణనీయంగా' అన్న మాట మీద నాకు సొంత కోపం ఒకటి ఉంది, ఇక్కడే కక్కేస్తాను. ఇంగ్లీషు పేపర్లలో సిగ్నిఫికెంట్ అని ఉన్నచోట మన పత్రికలు, మన క్లినిక్కుల కరపత్రాలు గణనీయం అని రాస్తాయి. తెలుగులో గణనీయం అంటే లెక్కలోకి తీసుకోవాల్సినంత, అంటే బాగా ఎక్కువ అని. గణాంకాల్లో ఆ మాటకి ఆ అర్థం లేదు. కాకతాళీయంగా ఇంత తేడా రావడం అరుదు, అంతే దాని అర్థం. వెయ్యి మందితో ట్రయల్ చేస్తే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కూడా సిగ్నిఫికెంట్ అయి కూర్చుంటుంది, మీరు అన్నం నమిలేటప్పుడు మాత్రం ఆ తేడా మీకు తెలియదు. ఎంత తగ్గితే మనిషికి తగ్గినట్టు అనిపిస్తుందన్నది వేరే ప్రశ్న. 2001లో ఒక అధ్యయనంలో రకరకాల దీర్ఘకాలిక నొప్పులున్న 2,700 మందికి పైగా పేషెంట్ల లెక్కలు తీస్తే, 0 నుంచి 10 స్కేలు మీద సుమారు 2 పాయింట్లు, లేదా మొదట ఉన్నదాంట్లో 30 శాతం తగ్గినప్పుడు మనుషులు బాగా నయమైంది అనుకుంటున్నారని తేలింది. దవడ కోసం చేసిన లెక్క కాదు అది, అయినా చేతిలో ఒక కొలబద్ద ఉండటం మంచిదే. మీకూ అదే చెబుతాను తర్వాత.

మిగతా గారడీలు త్వరగా చెప్పేస్తాను, మీకు ఇవన్నీ బళ్లో చూసినవే. దవడ ట్రయల్లో కొలిచేవి బోలెడు: ఊరికే ఉన్నప్పటి నొప్పి, నమిలేటప్పటి నొప్పి, నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది, కండరం నొక్కితే ఎంత ఒత్తిడికి నొప్పి పుడుతోంది, మెడ ఎంత తిరుగుతోంది, నిద్ర ఎలా ఉంది. ఒక్కొక్కటి వారానికీ, నెలకీ, మూడు నెలలకీ కొలిస్తే ఆరు మూళ్లు పద్దెనిమిది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేస్తే, అసలు ఏ ప్రభావం లేకపోయినా ఒక్కటైనా సిగ్నిఫికెంట్‌గా వచ్చే అవకాశం 64 శాతం. నొప్పి తగ్గిందో లేదో చూస్తామని మొదలుపెట్టి, అది తేలకపోతే నోరు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ తెరుచుకుందని కంక్లూజన్లో పైకెత్తుతారు. లెక్కల్లో ఫెయిలై హిందీలో డెబ్బై వచ్చినవాడు వాళ్ల నాన్నకి హిందీ పేపరు ఒక్కటే చూపించినట్టు.

మధ్యలో మానేసినవాళ్ల సంగతి ఇంకొకటి. నొప్పి తగ్గనివాళ్లే మానేస్తారు సాధారణంగా, డబ్బూ టైమూ దండగ అనుకుని. చివరిదాకా వచ్చినవాళ్లని మాత్రమే లెక్కేస్తే వైద్యం అద్భుతంగా కనబడుతుంది. నూటికి నూరు రిజల్టు కోసం బలహీనమైన పిల్లల్ని ప్రైవేటుగా కట్టించే బళ్లు మీకు తెలియనివా?

ఇంకా ఒకటి: లేజరుకీ అల్ట్రాసౌండుకీ పోటీ పెట్టి, రెండింటి మధ్యా తేడా కనపడకపోతే "రెండూ సమానంగా పనిచేస్తాయి" అనేస్తారు. రెండూ అసలు పనిచేయకపోయినా అదే ఫలితం వస్తుంది కదా! మెషిన్ ఆపేసి ఉత్తుత్తిగా పెట్టిన మూడో గ్రూపు ఉంటే తప్ప ఏదీ తేలదు.

ఇదంతా నేను పని కట్టుకుని ఫిజియోల మీద పడుతున్నానని అనుకోకండి, నేనూ ఆ గూటి పక్షినే. ఇది వైద్యంలో అన్ని శాఖల్లోనూ ఉంది. పారిస్‌కి చెందిన ఇసబెల్ బూత్రోన్ బృందం ఒకే నెలలో, అంటే 2006 డిసెంబరులో వచ్చిన 72 ట్రయల్ పేపర్లు తీసుకుంది. అన్నీ ముఖ్యమైన ప్రశ్నకి తేడా తేలని ట్రయల్సే. వాటిలో 42 పేపర్ల అబ్‌స్ట్రాక్ట్ (పేపరు మొదట ఇచ్చే సారాంశం) కంక్లూజన్లో మసి పూసి ఉంది, అంటే 58 శాతం. 13 పేపర్లకి ఏకంగా టైటిల్లోనే ఉంది. 2010లో వచ్చిన లెక్క ఇది. ఫిజియోల సొంత ఇల్లు ఏమంత శుభ్రంగా లేదు, నడుము నొప్పి మీద వచ్చిన సమీక్షా వ్యాసాల అబ్‌స్ట్రాక్టులు తీసి చూస్తే పదింట ఎనిమిదింటిలో స్పిన్ ఉందని 2020లో తేలింది. గమనించండి, అవి ఒక్కో ట్రయల్ కాదు, ట్రయల్స్ అన్నింటినీ వడబోసి తేల్చి చెప్పాల్సిన సమీక్షలు. వడపోత గుడ్డే మురికిగా ఉంటే ఇంకేం చేస్తాం.

చదువుకున్న డాక్టర్లకి ఇది తెలియదా అంటారేమో. తెలిసినా పని చేస్తుంది. అదే బూత్రోన్ బృందం 2014లో 300 మంది క్లినికల్ పరిశోధకుల మీద ప్రయోగం చేసింది. క్యాన్సర్ ట్రయల్స్ అబ్‌స్ట్రాక్టులు సగం మందికి మసితోనూ, సగం మందికి అదే అబ్‌స్ట్రాక్టు మసి తుడిచి తిరగరాసీ ఇచ్చారు. మసి ఉన్నది చదివినవాళ్లు ఆ చికిత్స వల్ల మేలుందని పదికి 0.71 మార్కులు ఎక్కువ వేశారు. చిన్న తేడాలాగే ఉంది గానీ, వాళ్లు ట్రయల్స్ చేసి పేపర్లు రాసిన మనుషులు. మీ ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు.

మీ ఫిజియో గారిని కూడా దొంగ అనకండి. ఆయన బహుశా నిజంగానే నమ్ముతున్నారు. పేపరు మొత్తం చదవాలంటే చాలా జర్నళ్లు డాలర్లలో వసూలు చేస్తాయి, ఊళ్లో క్లినిక్ నడుపుకునేవాడు ఉచితంగా దొరికే అబ్‌స్ట్రాక్టే చదువుతాడు, అందులోనూ ఆఖరి లైను. మసి పూసేది సరిగ్గా అక్కడే. ఆయన తప్పల్లా దాన్ని ఫ్రేము కట్టించి 20 సిట్టింగులకి హామీ పత్రంలా వాడటం.

మీకు ఓపికుంటే మీరే చూసుకోగలిగేది ఒకటుంది. మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు నమోదు చేసే సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ ఉంది, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడుపుతుంది, 2007 జులైలో మొదలైంది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. పేపర్లో సీటీఆర్ఐ నంబరు ఉంటే అక్కడ కొట్టండి. పైనే రిజిస్టరు చేసిన తేదీ, దాని పక్కన ప్రాస్పెక్టివ్‌గా చేశారో రెట్రోస్పెక్టివ్‌గా చేశారో ఉంటుంది. ప్రాస్పెక్టివ్ అంటే మొదటి పేషెంటు చేరకముందే నమోదు చేశారని, రెట్రోస్పెక్టివ్ అంటే పెళ్లయ్యాక శుభలేఖ వేయించారని. 2018 ఏప్రిల్ 1 నుంచి వెనక తేదీ కేసులు తీసుకోవడం మానేశారు, అంతకుముందువి చాలానే ఉన్నాయి. కిందికి వస్తే ప్రైమరీ ఔట్‌కమ్ అని ఒక గడి ఉంటుంది, మేము ముఖ్యంగా కొలవబోయేది ఇదీ అని ముందే రాసిచ్చిన మాట. అక్కడ 'నొప్పి, ఆరు వారాలకి' అని ఉండి, పేపరు కంక్లూజన్లో నోరు తెరుచుకోవడం గురించి ఉందనుకోండి, ఇక మీకు వేరే చెప్పక్కర్లేదు. సిడ్నీ నుంచి నడిచే పెడ్రో అనే డేటాబేస్ కూడా ఉంది, ఫిజియోథెరపీ ట్రయల్స్‌కి పదికి మార్కులు వేస్తుంది, అదీ ఉచితమే. కాకపోతే ఆ మార్కులు ట్రయల్ ఎలా చేశారన్నదానికి, కంక్లూజన్ నిజాయితీగా రాశారా లేదా అన్నదానికి కాదు. ఎనిమిది మార్కులొచ్చిన ట్రయల్‌కి కూడా మసి కంక్లూజన్ ఉండొచ్చు.

ఇంతా విని మీ ఆడపడుచు "చెప్పానా" అంటుందేమో, ఆవిడకి ఈ పేరా చదివి వినిపించండి. పేపరుకి మసి పూశారంటే వైద్యం పనికిరాదని కాదు. ఆ పేపరు వల్ల మనకి తెలియలేదని మాత్రమే. మిగతా ఆధారాలన్నీ కలిపి చూడాలి. అలా చూసినవాళ్లు ఉన్నారు. మూడు నెలలు దాటిన దవడ కీలు నొప్పికి ఏది ఇవ్వాలో ఏది అక్కర్లేదో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రిక 2023 డిసెంబరులో ఒక మార్గదర్శకం ప్రచురించింది, దాన్ని తయారు చేసిన ప్యానెల్లో పేషెంట్లు కూడా ఉన్నారు. గట్టిగా సిఫారసు చేసినవాటిలో ఇవి ఉన్నాయి: దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, సాగదీతలు, మెడా భుజాల భంగిమ సరిచేసే వ్యాయామం, థెరపిస్టు చేత్తో కీలు కదిలించడం, కండరంలో పట్టేసిన చోట్ల నొక్కడం, నొప్పితో మెలగడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అలాగే ఇంట్లో వ్యాయామాలు, ధైర్యం చెప్పడం, అవగాహన. చాలామందికి అక్కర్లేదు అన్న జాబితాలో లేజరు ఉంది, చర్మం మీంచి సన్నటి కరెంటు ఇచ్చే టెన్స్ ఉంది, తీసి పెట్టుకునే నైట్ గార్డ్ లాంటి స్ప్లింట్ ఉంది, బొటాక్స్ ఉంది. చూశారా తమాషా? మీ ప్యాకేజీలో చేత్తో చేసే భాగం మంచిదే, మెషిన్ల భాగమే దండగ. ఫ్రేములో ఉన్న పేపరు మాత్రం ఇందులో దేన్నీ నిరూపించడం లేదు. ఒప్పు సమాధానానికి తప్పు లెక్క చేసిన కుర్రాడికి మీరు ఎన్ని మార్కులు వేస్తారో నాకు తెలియదు, నేనైతే సున్నా వేస్తాను.

ఇప్పుడు మీ దవడ. మొదట అద్దం ముందు నిలబడి చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ నిలువుగా నోట్లో పట్టుతాయేమో చూడండి. పెద్దవాళ్లకి 40 మిల్లీమీటర్ల పైన తెరుచుకోవడం మామూలు, మూడు వేళ్లు ఇంచుమించు అంత. పడితే నిమ్మళంగా ఉండండి. పట్టకపోతే, లేదా ఉన్నట్టుండి తెరుచుకోకుండా బిగుసుకుపోతే, దవడ నిపుణుడైన డెంటల్ సర్జన్‌కి చూపించాలి. వక్కపొడి నమిలే అలవాటుందా? ఉంటే దాచకండి. వక్క, గుట్కా వల్ల బుగ్గల లోపల గట్టిపడి నోరు చిన్నబోతుంది, కారం తగిలితే మండుతుంది, అది పూర్తిగా వేరే జబ్బు, ఏ వ్యాయామంతో సరిపెట్టేది కాదు. వాపు, జ్వరం, ముఖం మొద్దుబారడం, మెట్లెక్కితే దవడ లాగడం లాంటివి ఉంటే ఫిజియో దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టక్కుమనే చప్పుడు మాత్రం నొప్పి లేకుండా వస్తుంటే దాన్ని వదిలేయండి, దానికి వైద్యం అక్కర్లేదు.

ఆరు వారాలు ఇలా చేయండి. పగలు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు: పెదాలు కలిసి, పళ్లు విడిగా, నాలుక కొన పై ముందు పళ్ల వెనక గరుకుగా గట్టులా ఉంటుందే అక్కడ ఆన్చి. పేపర్లు దిద్దేటప్పుడు మీకు తెలియకుండానే పళ్లు బిగిస్తారు, నేను ఎంతమంది టీచర్లలో చూశానో, కావాలంటే ఈసారి దిద్దుతూ గమనించుకోండి. ఎర్ర పెన్ను మూతకి ఒక చుక్క పెట్టుకోండి, అది కనపడ్డప్పుడల్లా పళ్లు వదలాలి. నాలుక అలాగే పైన ఆన్చి, అద్దంలో గడ్డం పక్కకి పోకుండా చూసుకుంటూ మెల్లగా నోరు తెరిచి మూయడం, ఆరేసి సార్లు, రోజుకి ఐదారు దఫాలు. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆన్చండి. చెంప మీద గోరువెచ్చటి కాపడం. బళ్లో హెడ్మాస్టర్ గారిని ఒక చిన్న మైకు అడగండి, అరవై మంది పిల్లల మీద అరిచే దవడకి అంతకంటే మంచి మందు లేదు.

దాంతోపాటు ఫిజియో దగ్గర మూడు నాలుగు సిట్టింగులు, మెషిన్లు వద్దని చెప్పి, చేత్తో చేసేది చేయించుకుని వ్యాయామాలు సరిగ్గా నేర్చుకోవడానికి. మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు రోజూ రాత్రి పడుకోబోయే ముందు, ఆ రోజు నమిలేటప్పుడు నొప్పి పదికి ఎంతో క్యాలెండర్ మీద రాయండి. ఒక్క రోజు అంకె కాదు, వారం సగటు కావాలి, ఎందుకో పైన చెప్పాను. ఆరో వారం సగటు తీసినప్పుడు 2 పాయింట్లో, మూడో వంతో తగ్గితే కొనసాగించండి. తగ్గకపోతే పద్ధతి మార్చాలి, సిట్టింగులు పెంచడం కాదు. మీ ఒక్కరి లెక్కలో అది వైద్యం వల్ల తగ్గిందో దానంతటదే తగ్గిందో నేనూ చెప్పలేను. కానీ తగ్గితే మీకు చాలు, నేను పేపరు రాయబోవడం లేదు కదా.

ఒక్క సాయం చేయండి. ఈసారి ఆ క్లినిక్‌కి వెళ్తే ట్యూబ్‌లైటు ఒక్క నిమిషం ఆపమని చెప్పి, పక్కకి జరిగి ఆ ఫ్రేముని మళ్లీ ఫొటో తీయండి. వెలుగు పడి పోయిన ఆ రెండు లైన్లలోనే రెండు గ్రూపుల మధ్య తేడా ఎంతో ఉండాలి. ఉంటే నాకు పంపండి. లేకపోతే, అంటే అక్కడ కూడా ముందూ తర్వాతా అంకెలే ఉంటే, అదీ రాయండి.